లోపలి ఇంచు

షార్జాల మా విమానాల కంపెనీ యూనిఫాం రూముకు కిటికి లేదు.
రెండు కుట్టుమిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల,
మూలకు తూకం మిషన్.
పన్నెండేండ్లాయె నేను గీడ కుట్టవట్టి.
సిరిసిల్లల మా నాయిన మగ్గం మీద బట్ట నేసిండు.
నేను నేసిన బట్టను ఇప్పి, మళ్ల కుడుత.

బేస్తారం వచ్చిందంటే తూకం.
విమానమెక్కే పిల్లలు బూట్లిడిసి, గడియారమిడిసి,
చెవుల పోగులు సుత తీసి నా బల్ల మీద వెడుతరు.
పోగెంతుంటది? గ్రాముండదు.
అదిగూడ పక్కకు వెట్టి, ఊపిరి బిగవట్టి ఎక్కుతరు,
ఊపిరికి బరువున్నట్టు.
నర్గీస్ మేడం మొఖం సూడది. అంకె సూసి రాసుకుంటది.

తూకం సంగతి నాకు ఎరుకే.
వీసా మెడికల్ల జగిత్యాల ఏజెంటు
"నలభై ఏడు కిలోలేనా, బక్కోనివి, నడువది" అన్నడు.
తెల్లారి డజను అరటిపండ్లు మింగి, చెంబెడు నీళ్లు తాగి,
లాగు జేబుల కత్తెర దాసుకొని ఎక్కిన.
యాభై ఒకటి.
కత్తెరకే వచ్చింది నా వీసా అని
ఇప్పటికీ నవ్వుకుంట.

ప్రిస్కిల్ల తెనాలి పిల్ల.
"అన్నయ్యా, నడుం దగ్గర కాస్త వదులు చెయ్యవా" అన్నది మొదటిసారి,
తలుపు దిక్కు సూసుకుంట.
థైరాయిడ్ గోలీలు మింగుతుందట. పొద్దుటికో ఖర్జూరం, రాత్రికి దోసకాయ.
స్కర్టు లోపల, కుట్టుకావల, ఒక ఇంచు బట్ట ఉంటది.
ఎవ్వరికీ కనవడది. అది దర్జీకీ దేవునికే తెలుసు.
ముందు పావు ఇప్పిన. రంజాన్‌కు ఇంకో పావు.
ఎండకాలానికి మొత్తం ఇప్పిన.
ఇగ నా తాన ఇప్పనీకె ఏం మిగలలే.

మూడు కిలోలకు ఆమెను నేల మీదికి దించిండ్రు.
కౌంటర్ల కూసోవెట్టిండ్రు, ఎగిరే పైసలు కోసిండ్రు.
ఆమె ఊకోలే.
కాయిదాలు వట్టుకొని ఆఫీసులు తిరిగింది.
ఒక గుమాస్త ఏలు వెట్టి సదివిండట:
రంగున్నది, మతమున్నది, దేశమున్నది, ఆడ మగ ఉన్నది,
కిలోలు లేవమ్మా, కిలోల మాటే లేదిందుల.
ఆమె అందుల ఒక్క మాటను పట్టుకొని నా తానికొచ్చింది.
"అన్నయ్యా, కెప్టెన్ల ప్యాంట్లు కూడా నువ్వే కదా కుట్టేది?"

నేనే.
ఎర్రట్ట బుక్కుల అన్నీ ఉన్నయి, తారీఖుతోని.
కెప్టెన్ హ్యూగో: ముప్పై నాలుగు. ముప్పై ఆరు. ముప్పై తొమ్మిది.
పోయిన చలికాలం నలభై రెండున్నర.
వచ్చినప్పుడల్లా పొట్ట మీద కొట్టుకొని నవ్వుతడు,
పది దిర్హాములు బల్ల మీద ఇడిసిపోతడు, మంచోడే.
ఆయినను బూట్లిడువుమని
ఎవ్వరూ అనలే.

ఆ రాత్రి క్యాంపుల మంచం మీద బుక్కు పక్కకు వెట్టుకొని పన్న.
పై మంచం ఓదెలన్న అన్నడు:
"దారం లెక్క ఉండాలెరా ఈడ. ముడివడితివా, తెంపుతరు."
నిజమే. పాస్‌పోర్టు నాది, వీసా వాళ్లది.
బిడ్డ ఇంటరు ఫీజు మొన్ననే కట్టిన.
నిద్ర రాలే.
అరటిపండ్లు మతికొచ్చినయి, ఆ కడుపు నొప్పి సుత.

తెల్లారి బుక్కును లైనింగు బట్టల సుట్టి ఆమె చేతుల వెట్టిన.
నాలుగు దినాలకు ఫోను జేసింది.
వకీలు పేజీలు తిప్పి తిప్పి తల గోక్కున్నడట.
నాకు ఇంగ్లీషు రాదు గదా,
కెప్టెన్ల పేర్లు, నడుములు, జంఘలు
అన్నీ తెలుగులనే గెలికిన.
ఎవరు సదువుతరిది? అని అడిగిండట.
ఆమె ఏం అడగలే నన్ను. ఫోన్ల ఊకెనే ఉన్నది.

వచ్చే సోమారం.
ఆ దినానికని నాకు నేనే ఒక అంగి కుట్టుకుంటున్న,
తెల్లది, కాలరుది.
లోపల రెండించులు ఇడిసిన.